పిల్లల బరువు – పాదాల వంపు
(సభ్యుల అధ్యయన పాఠం)



పశువును కొనబోయినప్పుడు మనం పొదుగుతో పాటు కాళ్ళు కూడా చూస్తాం. నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబడుతున్నదా, గిట్టలు సరిగా ఉన్నాయా, నడకలో కుంటు ఉన్నదా అని నాలుగడుగులు నడిపించి మరీ బేరమాడతాం. కాళ్ళు బాగాలేని పశువు మేతకు పోదు, మేతకు పోనిది పాలు ఇవ్వదు అని మనకు తెలుసు. ఇంట్లోని పిల్లల పాదాల విషయంలో మాత్రం మన వాళ్ళు రెండు దారుల్లో పోతున్నారు. కొందరు అసలు చూడరు. మరికొందరు పిల్లవాడి అరికాలు చదునుగా కనిపించగానే కంగారుపడి, పట్నం వెళ్ళి పాల బిల్లు డబ్బంతా ప్రత్యేకమైన బూట్లకు పోసి వస్తారు.

ఈ కంగారుకు ఒక కారణం ఉన్నది. తెలుగు రాష్ట్రాల పోలీసు నియామక ప్రకటనల్లో పనికిరాని శారీరక లోపాల వరుసలో చదును పాదం కూడా ఉంటుంది. సైన్యంలో చేరేవారికీ పాదాల పరీక్ష ఉంటుంది. "మావాడు రేపు ఉద్యోగానికి పనికిరాడేమో" అనే భయం ఊళ్ళలో ఇక్కడి నుండే పుట్టింది.

ఈ పాఠంలో చెప్పదలచినది ఒక్కటే. చిన్నపిల్లల చదును పాదం చాలావరకు వయసుతో సర్దుకునేదే. వయసుకు, ఎత్తుకు మించిన బరువు ఉన్న పిల్లల్లో అది ఎక్కువగా కనబడుతుంది. కాబట్టి తల్లిదండ్రులు బూట్ల దుకాణానికి వెళ్ళే ముందు పిల్లవాడి బరువు చూడాలి.

1. పాదపు వంపు అంటే ఏమిటి?

తడి కాలితో గచ్చు మీద నడిస్తే పడే ముద్రను చూడండి. మడమ పడుతుంది, వేళ్ళ మొదళ్ళు పడతాయి, బయటి అంచు ఒక పట్టీలాగా పడుతుంది. లోపలి అంచున, అంటే రెండో పాదం వైపు, కొంత భాగం నేలకు ఆనదు. అక్కడ అరికాలు పైకి లేచి ఉంటుంది. దీనినే పాదపు వంపు అంటారు.

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. వంతెన కింది కమానులో రాళ్ళు ఒకదానినొకటి పట్టుకొని నిలిచినట్లు ఈ ఎముకలు వంపుగా అమరి ఉంటాయి. వాటిని గట్టి పట్టీలు బిగించి ఉంచుతాయి, కండరాలు పైకి లాగి పట్టుకుంటాయి. అయితే రాతి కమాను కదలదు. పాదపు వంపు అడుగు వేసినప్పుడు కొద్దిగా అణిగి, అడుగు ఎత్తేటప్పుడు తిరిగి లేస్తుంది. దీనివలన శరీర భారం ఒకే చోట పడకుండా మడమకు, ముందు పాదానికి పంపిణీ అవుతుంది.

పసిపిల్లల్లో ఈ వంపు బయటకు కనిపించదు. అప్పటికి పాదపు ఎముకలు కొన్ని ఇంకా మెత్తగా ఉంటాయి. వాటిని పట్టి ఉంచే పట్టీలు వదులుగా ఉంటాయి. పైగా అరికాలి పల్లంలో కొవ్వు మెత్త నిండి ఉంటుంది. కాబట్టి నడక నేర్చే బిడ్డ పాదం చదునుగా ఉండటం లోపం కాదు, ఆ వయసుకు సహజం.

2. వయసు లెక్క

అమెరికాలో 1987లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఏడాది పిల్లల నుండి 80 ఏళ్ళ వృద్ధుల వరకు 441 మందివి, అంటే 882 పాదాలు కొలిచారు. పసివారిలో చదును పాదం మామూలు, పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది, పెద్దవారిలో కూడా కొంతమందికి ఏ బాధా లేకుండా ఉంటుంది అని తేలింది. మొదటి పదేళ్ళలో వంపు తనంతట తాను ఏర్పడుతూ వస్తుంది.

వయసుతో పాటు బరువును కూడా కలిపి చూసిన పెద్ద లెక్క ఆస్ట్రియా దేశంలో జరిగింది. 2006లో ప్రచురితమైన ఆ పరిశీలనలో 3 నుండి 6 ఏళ్ళ వయసు గల 835 మంది పిల్లలను చూశారు. మూడేళ్ళ పిల్లల్లో 54 శాతం మందికి పాదం చదునుగా ఉన్నది. ఆరేళ్ళ వారిలో ఇది 24 శాతమే. అంటే మూడేళ్ళ తేడాలో సగానికి పైగా తగ్గినట్లు. మగపిల్లల్లో 52 శాతం, ఆడపిల్లల్లో 36 శాతం కనబడింది. నిజంగా జబ్బు అనదగిన చదును పాదం మాత్రం నూటికి ఒక్కరిలో కూడా లేదు. అయినా అప్పటికే నూటికి పది మంది పిల్లలు బూట్లలో వంపును నిలబెట్టే దిమ్మలు పెట్టుకొని తిరుగుతున్నారు. అవసరం లేని ఖర్చు మన ఊళ్ళలోనే కాదు, ధనిక దేశాల్లోనూ ఉన్నదని గమనించగలరు.

3. బరువు లెక్క

అదే ఆస్ట్రియా పరిశీలనలో పిల్లలను బరువును బట్టి మూడు తరగతులు చేసి చూడగా చదును పాదం ఇలా ఉన్నది:

సరైన బరువు గల పిల్లల్లో – 42 శాతం
అధిక బరువు గల పిల్లల్లో – 51 శాతం
స్థూలకాయం గల పిల్లల్లో – 62 శాతం

ఈ అంకెలను రెండు వైపుల నుండీ చదవాలి. బరువు పెరిగే కొద్దీ చదును పాదం పెరిగింది, ఇది ఒక వైపు. సరైన బరువు గల పిల్లల్లోనూ 42 శాతం ఉన్నది, బరువు ఎక్కువైనా 38 శాతం మంది స్థూలకాయులకు వంపు బాగానే ఉన్నది, ఇది రెండో వైపు. కాబట్టి "లావు పిల్లవాడికి తప్పక చదును పాదం వస్తుంది" అనడం తప్పు. "బరువుకూ పాదానికీ సంబంధం లేదు" అనడం కూడా తప్పే. వయసు, పుట్టుకతో వచ్చిన కీళ్ళ వదులుతనం, ఆడా మగా తేడా, వీటితో పాటు బరువు ఒక కారణం. వయసునూ పుట్టుకనూ మనం మార్చలేము. బరువు మాత్రం చాలావరకు మన చేతిలో ఉన్నది.

బరువు ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఎనిమిదేళ్ళ పిల్లలు ఇద్దరు, ఇద్దరి ఎత్తూ 125 సెంటీమీటర్లు. ఒకరి బరువు 25 కిలోలు, రెండో వాడిది 32 కిలోలు. తేడా 7 కిలోలు. అంటే రెండో పిల్లవాడు దాదాపు ఏడు లీటర్ల పాలు ఉన్న క్యానును పొద్దుటి నుండి రాత్రి దాకా దించకుండా మోస్తున్నట్లు లెక్క. నడకలో ఒక్కొక్క అడుగుకు మొత్తం భారం ఒకే కాలి మీద పడుతుంది. పరుగులో ఆ తాకిడి శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ఇంకా గట్టిపడుతున్న ఎముకలూ వదులుగా ఉన్న పట్టీలూ ఈ భారాన్ని రోజూ భరించాలి.

ఇందులో ఒక చక్రం కూడా ఉన్నది. భారం వలన కాళ్ళు త్వరగా అలసిపోతాయి. అలసిన పిల్లవాడు ఆట మాని కూర్చుంటాడు. కూర్చున్న కొద్దీ బరువు ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని చిన్నతనంలో ఆపడం తేలిక.

4. చదునా, కొవ్వా?

ఇక్కడ మన టెస్టర్లకు తేలికగా అర్థమయ్యే చిక్కు ఒకటి ఉన్నది. లాక్టోమీటర్ రీడింగు తగ్గితే పాలలో నీళ్ళు కలిసి ఉండవచ్చు, లేదా వెన్న శాతం ఎక్కువై ఉండవచ్చు. వెన్న తేలిక కనుక అది కూడా రీడింగును తగ్గిస్తుంది. లాక్టోమీటర్ ఒక్కటే చూసి పాలు తిప్పి పంపడం న్యాయం కాదు, వెన్న పరీక్ష కూడా చేయాలి.

పాదముద్ర సంగతీ అంతే. లావుగా ఉన్న పిల్లల పాదముద్ర వెడల్పుగా పడితే వంపు నిజంగా దిగి ఉండవచ్చు, లేదా వంపు ఉన్నా దాని కింద కొవ్వు మెత్త మందంగా ఉండి ముద్రను నింపి ఉండవచ్చు. ఆస్ట్రేలియాలోని పరిశోధకులు దీనిని రెండుసార్లు పరీక్షించారు. 2006లో బడికి వెళ్ళని వయసు పిల్లలు 38 మందిని చూసినప్పుడు కొవ్వు మెత్త మందంలో తేడా కనబడలేదు, అధిక బరువు పిల్లల్లో వంపు ఎత్తే తక్కువగా ఉన్నది. 2011లో సుమారు ఎనిమిదేళ్ళ పిల్లలు 150 మందిని, అందులో సగం మంది స్థూలకాయులను చూసినప్పుడు, స్థూలకాయుల్లో మెత్త మందంగానూ వంపు తక్కువగానూ రెండూ కనబడ్డాయి. వంపు ఎత్తులో సగటు తేడా మాత్రం ఒక మిల్లీమీటరు మాత్రమే. అంటే సంబంధం ఉన్నది గానీ, వెడల్పు ముద్రను చూసి "వంపు పూర్తిగా పడిపోయింది" అని బెంబేలెత్తవలసిన పని లేదు.

5. ఇంటి వద్ద చేసుకోదగిన మూడు పరీక్షలు

మొదటిది తడి కాలి పరీక్ష. పిల్లవాడి పాదం తడిపి, పొడి గచ్చు మీద గానీ పాత కాగితం మీద గానీ మామూలుగా నిలబెట్టాలి. మధ్య భాగంలో ముద్ర సన్నబడుతున్నదా, పూర్తిగా నిండుతున్నదా చూడాలి. కాగితం మీద గీత గీసి తేదీ వేసి దాచుకుంటే, ఆరు నెలల తరువాత మళ్ళీ తీసి పోల్చుకోవచ్చు.

రెండవది మునివేళ్ళ పరీక్ష. ఇది ముఖ్యం. పిల్లవాడిని గోడ పట్టుకొని మునివేళ్ళ మీద లేచి నిలబడమనాలి. వెనుక నుండి చూడాలి. అప్పుడు లోపలి వైపు వంపు కనిపిస్తే పాదం మెత్తనిది, కదిలేది. దీనికి నొప్పి లేకపోతే వైద్యం అక్కర్లేదు. సైనిక వైద్య ప్రమాణాల్లో కూడా ఇదే సూత్రం ఉన్నది. మునివేళ్ళ మీద నిలబడితే వంపు తిరిగి వచ్చి, పాదం నొప్పి లేకుండా సులువుగా కదులుతూ, అభ్యర్థి బాగా పరుగెత్తగలిగితే అతనిని అంగీకరిస్తారు.

మూడవది బరువు పరీక్ష. ఆరేళ్ళ లోపు పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రంలో బరువు, ఎత్తు చూసి ఎదుగుదల పట్టికలో గుర్తిస్తారు. బడి పిల్లలకు మనమే లెక్క కట్టుకోవచ్చు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. పైన చెప్పిన మొదటి పిల్లవాడికి 25ను 1.25తో భాగిస్తే 20, మళ్ళీ 1.25తో భాగిస్తే 16 వస్తుంది. రెండో వాడికి 20.5 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఎనిమిదేళ్ళ మగపిల్లవాడికి 17.4 దాటితే అధిక బరువు, 19.7 దాటితే స్థూలకాయం. పెద్దవారికి వాడే హద్దులు పిల్లలకు పనికిరావు. ప్రతి వయసుకూ అంకె వేరు కనుక పట్టికను ఆరోగ్య కార్యకర్తను అడిగి చూడాలి.

ఒక మనవి. సంఘంలో పాలు తూచే కాటా మీద పిల్లలను నిలబెట్టవద్దు. అది పాల పరిశుభ్రతకు తగదు.

6. బూట్లా, చెప్పులా, ఒట్టి కాళ్ళా?

బూట్ల వలన వంపు వస్తుందా అన్నది అమెరికాలో సరిగ్గా పరీక్షించి 1989లో ప్రచురించారు. ఆరేళ్ళ లోపు చదును పాదం పిల్లలను నాలుగు జట్లు చేశారు. మూడు జట్లకు ప్రత్యేక బూట్లు, మడమ గిన్నెలు, అచ్చు పోసిన దిమ్మలు ఇచ్చారు. నాలుగో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. మూడేళ్ళ తరువాత చూస్తే అన్ని జట్ల పిల్లల పాదాలూ మెరుగుపడ్డాయి. ఏమీ ఇవ్వని వారికీ, ఇచ్చిన వారికీ తేడా లేదు. మెరుగుపరచింది వయసే.

మన పక్క రాష్ట్రం కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు 1992లో ప్రచురించిన పరిశీలన మనకు ఇంకా దగ్గరిది. 4 నుండి 13 ఏళ్ళ పిల్లలు 2300 మంది పాదముద్రలు తీశారు. పాదరక్షలు వాడే పిల్లల్లో చదును పాదం 8.6 శాతం, వాడని వారిలో 2.8 శాతం. వేళ్ళు మూసి ఉండే బూట్లు తొడిగిన వారిలో ఎక్కువ, చెప్పులు వేసుకునేవారిలో తక్కువ, ఒట్టి కాళ్ళ వారిలో అన్నిటికన్నా తక్కువ. 1995లో ఎదుగుదల పూర్తయిన 1846 మందిని చూసినప్పుడు, ఆరేళ్ళ లోపే బూట్లు మొదలుపెట్టిన వారిలో 3.24 శాతం, పదహారేళ్ళ తరువాత మొదలుపెట్టిన వారిలో 1.75 శాతం చదును పాదం ఉన్నది. ఆ లెక్కలోనూ స్థూలకాయుల్లో, కీళ్ళు వదులుగా ఉన్నవారిలో చదును పాదం ఎక్కువగా కనబడింది.

ఇది చదివి పిల్లల చెప్పులు విప్పించి పేడ దిబ్బల్లోకి పంపవద్దు. మన పాడి ఇళ్ళలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మలమూత్రాలు కలిసిన తడి మట్టి నుండి కొంకి పురుగు పిల్లలు అరికాలి చర్మం గుండా లోపలికి పోయి రక్తహీనత తెస్తాయి. మేకులు, ముళ్ళు గుచ్చుకుంటే ధనుర్వాతం రావచ్చు. ఊడ్చిన ముంగిట్లో, ఇంట్లో, శుభ్రమైన ఇసుకలో ఒట్టి కాళ్ళతో ఆడనివ్వండి. పశువుల పాకలోకి, దిబ్బ వైపు, పొలానికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేయించండి. ధనుర్వాతం టీకాలు వేళకు వేయించండి.

బడి బూట్లు కొనేటప్పుడు లావు పిల్లల పాదం వెడల్పుగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. బొటనవేలి ముందు మన బొటనవేలి వెడల్పంత చోటు ఉండాలి, పక్కల బిగువు ఉండకూడదు.

7. తిండి, ఆట, పాలు

ముందుగా ఒక హెచ్చరిక. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో మన దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 32.1 శాతం మంది తక్కువ బరువు వారు. అధిక బరువు వారు 3.4 శాతం. అంతకు ముందు 2015–16 సర్వేలో అధిక బరువు 2.1 శాతమే ఉండేది కనుక అది పెరుగుతున్న మాట నిజమే. అయినా ఎక్కువ ఇళ్ళలో సమస్య తిండి చాలకపోవడమే. కాబట్టి బరువు చూడకుండా, కేవలం పాదం చదునుగా ఉన్నదని ఏ పిల్లవాడికీ తిండి తగ్గించవద్దు. బక్కగా ఉన్న పిల్లవాడి చదును పాదానికి పస్తు మందు కాదు.

బరువు నిజంగా ఎక్కువైన పిల్లలకు కూడా పాలు మాన్పించనక్కరలేదు. మన సభ్యులకు వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. తేడా తెలుసు. ఎముకలకు కావలసిన సున్నం, మాంసకృత్తులు ఎస్.ఎన్.ఎఫ్.లో ఉంటాయి. మీగడ తీసినా అవి పోవు. గేదె పాలలో వెన్న 6, 7 శాతం ఉంటుంది కనుక, అధిక బరువు ఉన్న బడి పిల్లలకు కాచి మీగడ తీసిన పాలు ఇవ్వవచ్చు. రెండేళ్ళ లోపు వారికి, తక్కువ బరువు వారికి మీగడ తీయరాదు. గ్లాసు పాలలో రెండు చెంచాల చక్కెర వేస్తే సుమారు 40 కేలరీలు అదనంగా చేరతాయి. చక్కెర తగ్గించి, పాలు ఉంచండి. బిస్కట్లు, పొట్లాల్లో వచ్చే చిప్సు, సీసా పానీయాలు తగ్గించి, ఇంటి వేరుశనగలు, పెసలు, జామకాయ ఇవ్వండి.

బడి వయసు పిల్లలు రోజుకు కనీసం గంటసేపు ఒళ్ళు కదిలే ఆట ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తొక్కుడుబిళ్ళ, తాడాట, కబడ్డీ, ఖో ఖో దీనికి చాలు. తొక్కుడుబిళ్ళలో ముందు పాదం మీద గెంతడం పాదపు కండరాలకు మంచి పని. బరువైన పిల్లలను ఎగతాళి చేయకుండా ఆటలో కలుపుకోవాలి. ఎగతాళికి గురైన పిల్లవాడు ఆటకే రాడు.

8. డాక్టరుకు ఎప్పుడు చూపాలి?

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయక ఎముకల డాక్టరుకు గానీ పిల్లల డాక్టరుకు గానీ చూపించాలి.

(అ) పాదంలో, చీలమండలో, మోకాలిలో తరచు నొప్పి, ఆడలేకపోవడం.
(ఆ) మునివేళ్ళ మీద నిలబడినా వంపు రాకపోవడం. పాదం బిగుసుకొని ఉండటం.
(ఇ) ఒక పాదమే చదునుగా ఉండటం, లేదా మొదట బాగుండి తరువాత చదును కావడం.
(ఈ) మడమలు నేలకు ఆన్చి గొంతుక్కూర్చోలేకపోవడం.
(ఉ) కుంటడం, తరచు పడిపోవడం, నడక బాగా ఆలస్యంగా రావడం.

ఇలాంటి పిల్లలకు డాక్టరు చెప్పిన బూటు, వ్యాయామం, వైద్యం అవసరమే. మనం వద్దంటున్నది నొప్పి లేని, మెత్తని పాదానికి దుకాణదారు మాట మీద పెట్టే ఖర్చును మాత్రమే.

9. సంఘం చేయదగిన పని

పాలకవర్గ సమావేశంలో ఒక తీర్మానం చేసుకొని, ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ కార్యకర్తనూ బడి ఉపాధ్యాయులనూ పిలిచి సభ్యుల పిల్లల బరువు, ఎత్తు తీయించవచ్చు. మునివేళ్ళ పరీక్షకు ఒక్కొక్కరికి ఒక నిమిషం చాలు. అనుమానం ఉన్నవారి పేర్లు తల్లిదండ్రులకు విడిగా చెప్పాలి, నోటీసు బోర్డు మీద వేయరాదు. కార్యదర్శులు ఈ పాఠాన్ని మహిళా సభ్యుల సమావేశంలో చదివి వినిపించగలరు.

చర్చకు ప్రశ్నలు

1. మూడేళ్ళ బిడ్డ పాదం చదునుగా ఉంటే ఎందుకు కంగారు పడనక్కరలేదు?
2. పాదముద్ర వెడల్పుగా పడటానికి గల రెండు కారణాలు ఏవి? లాక్టోమీటర్ ఉదాహరణతో చెప్పండి.
3. మీ ఇంట్లోని బడి పిల్లవాడి బరువు, ఎత్తు తీసి లెక్క కట్టండి. పట్టిక ప్రకారం అతడు ఏ తరగతిలో ఉన్నాడు?
4. మీ ఊరిలో పిల్లలు ఒట్టి కాళ్ళతో ఆడుకోదగిన శుభ్రమైన స్థలం ఉన్నదా? లేకుంటే సంఘం ఏమి చేయగలదు?